డాబా మీద బ్రిస్కెట్: టెక్సస్‌లో పుట్టి గుంటూరులో పెరుగుతున్న పిల్లల కోసం

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పుట్టి, బడి వయసులో గుంటూరుకో విజయవాడకో వచ్చేసిన పిల్లలు కొన్నాళ్లకు బ్రిస్కెట్ (గంటల తరబడి పొగలో మగ్గబెట్టిన బీఫ్ రొమ్ము మాంసం) అడుగుతారు. అప్పుడు పెద్దలు ‘ఇక్కడ దొరకదులే’ అని మాట దాటేస్తారు. లేదంటే అల్లం వెల్లుల్లి, గరం మసాలా దట్టించి కుక్కర్‌లో ఏడు విజిల్స్ రానిచ్చి ‘ఇదే అది’ అని పెడతారు. రెండోది మరీ అన్యాయం. పిల్లల నాలుక మోసపోదు, పైగా వాళ్లు పుట్టిన ఊరిని మనమే చులకన చేసినట్టవుతుంది. రెండు ఊళ్ల మధ్య పెరిగే పిల్లలకు రెండు వంటలూ వాటి వాటి పద్ధతిలోనే, పూర్తిగా నేర్పాలి. బ్రిస్కెట్ టెక్సస్ లెక్కలోనే మగ్గాలి. గుంటూరు కంచంలో దాని పక్కన ఉండాలి, దాని మీద కాదు.

బ్రిస్కెట్ అంటే ముందు కాళ్ల మధ్య, రొమ్ము మీద ఉండే కండ. పశువు నిలబడ్డా నడిచినా బరువు మోసే కండ కాబట్టి అందులో కొలాజెన్ అనే బిగువు పీచు ఎక్కువ. అది కరిగి జిగురు కావాలంటే మాంసం లోపలి వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటాక గంటల తరబడి అక్కడే ఉండాలి. అందుకే అంత సన్నసెగ, అంతసేపు. మధ్య టెక్సస్‌లో ఈ పద్ధతి జర్మన్, చెక్ వలసదారుల మాంసం కొట్లలో పెరిగింది. ఏ పూటకాపూట అమ్ముడుపోని మాంసాన్ని పాడవకుండా పొగబెట్టి అమ్మేవారు. లాక్‌హార్ట్ అనే చిన్న పట్టణాన్ని 1999లో టెక్సస్ శాసనసభ ఆ రాష్ట్రపు బార్బెక్యూ రాజధాని అని తీర్మానం కూడా చేసింది. ఇవన్నీ పిల్లలకు చెప్పండి. వాళ్లు ‘అమెరికా తిండి’ అనుకునేది కూడా దూరదేశాల నుంచి వలసొచ్చినవాళ్లు మూటగట్టుకుని తెచ్చుకున్నదే అని తెలియడం మంచిది.

సామానుతో పాటు ఓడలో పెల్లెట్ గ్రిల్, అంటే చెక్క గుళికలతో పొగబెట్టి వండే పొయ్యి, తెచ్చుకున్నవాళ్లు ముందు చూడాల్సింది కరెంటు. ఈ గ్రిల్‌లో హాపర్ అనే గుళికల డబ్బా నుంచి చెక్క గుళికలను ఆగర్ అనే మర కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి తోస్తుంది. ఎర్రగా కాలే కడ్డీ మొదట వాటిని అంటిస్తుంది, ఫ్యాన్ గాలి ఇస్తుంది, కంట్రోలర్ వేడి చూసుకుంటూ మరను తిప్పుతుంది. ఇదంతా 120 వోల్టుల మీద నడిచేది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కడ్డీకి దాదాపు నాలుగింతల పవర్ పోయి నిమిషాల్లో మాడిపోతుంది, దాంతో పాటు కంట్రోలర్ బోర్డూ పోవచ్చు. 230ని 120కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. కడ్డీ అంటించేటప్పుడు సుమారు 300 వాట్లు లాగుతుంది, ఆ తర్వాత చాలా తక్కువ. అయినా 1000 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొంటే వేడెక్కకుండా రాత్రంతా నిలుస్తుంది. అక్కడి 60 హెర్ట్‌జ్‌కు చేసిన ఏసీ మోటారు మన 50 హెర్ట్‌జ్ మీద కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. సన్నసెగకు దాంతో ఇబ్బంది ఉండదు. డాబా మీది ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాకే వాడండి.

కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, నిప్పు మాత్రం ఆగదు. గాలి లేక ఆ నిప్పు మర గొట్టం వెంట హాపర్ వైపు పాకే ప్రమాదం ఉంది. ఇంటి ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమైతే గ్రిల్‌ను దాని మీదే పెట్టండి. లేకపోతే కరెంటు రాగానే స్విచ్ వేయకండి. మూత తెరిచి, మాంసం పక్కన పెట్టి, నిప్పుగిన్నెలో పేరుకున్న గుళికలు తీసేసి మొదటి నుంచి అంటించాలి. నిండిన గిన్నెను మళ్లీ అంటిస్తే తెల్లటి పొగ కమ్మి ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లలకు అప్పగించకండి.

గుళికల విషయంలో రాజీ పడొద్దు. ఇక్కడ బాయిలర్లకు అమ్మే గుళికల్లో వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, ఒక్కోసారి జిగురు అంటిన ప్లైవుడ్ పొడి కూడా కలిసి ఉంటాయి. ఆ పొగ తిండికి తగలకూడదు. వంటకని రాసి ఉన్న, పూర్తిగా గట్టి చెక్కతో చేసిన గుళికలే వాడాలి. గంటకు సుమారు అరకిలో నుంచి కిలో దాకా ఖర్చవుతాయి కాబట్టి ఒక రాత్రికి పది కిలోలు సిద్ధంగా పెట్టుకోండి. కృష్ణ ఒడ్డు గాలిలో తేమకు ఇవి ఉబ్బి పొడైపోతాయి, ఆ పొడి తడిసి మరలో సిమెంటులా బిగుసుకుంటుంది. గుళికను వేళ్లతో విరిస్తే టక్కున విరగాలి, పైన నిగనిగలాడాలి. మెత్తగా వంగినా, నలిగినా ఆ సంచి పారేయండి. బియ్యం పోసుకునే మూత డ్రమ్ము వీటికి సరిగ్గా సరిపోతుంది.

పెల్లెట్ గ్రిల్ పొగ మామూలుగా పలచన. ఇంకొంచెం కావాలంటే చిల్లుల గొట్టంలో చెక్క ముక్కలు రాజేసి లోపల పెట్టొచ్చు. పల్నాడు రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద ముళ్లకంపగా పెరిగే సర్కారు తుమ్మ, టెక్సస్ పిల్లలకు పేరు తెలిసిన మెస్కీట్‌కు దగ్గరి చుట్టం. రెండూ ఒకే ప్రజాతి (జీనస్) చెట్లు. బాగా ఎండిన తుమ్మ ముక్కలు నాలుగు చాలు, ఎక్కువైతే చేదెక్కుతుంది. ఇక్కడి ముళ్లకంపలో అక్కడి వాసన ఉందని పిల్లలకు మాటల్లో చెప్పనక్కర్లేదు, గొట్టం వాళ్ల చేతికిచ్చి నింపమనండి.

ఇక మాంసం. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును కోయడం నిషేధం. కొట్లలో బీఫ్ అని అమ్మేది ఎక్కువగా గేదె, దున్న మాంసమే. అమెరికా బ్రిస్కెట్‌తో పోలిస్తే రంగు ముదురు, కొవ్వు తెల్లగా ఉంటుంది, కండలో కొవ్వు చారలు బాగా తక్కువ. పని చేసిన ముదురు పశువైతే పీచు గట్టిగా ఉంటుంది. కొట్టులో ‘బ్రిస్కెట్’ అంటే అర్థం కాకపోవచ్చు. ‘ముందు కాళ్ల మధ్య రొమ్ము మాంసం, ఎముక తీసి, ముక్కలు కొట్టకుండా, పైకొవ్వు తీయకుండా, ఒకటే దిమ్మగా’ అని ముందురోజే చెప్పి ఉంచండి. మూడు కిలోలకు తగ్గితే ఎండిపోతుంది. తెల్లవారుజామున కోసింది అదే రోజు గ్రిల్ ఎక్కించొద్దు. కండ ఇంకా బిగదీసుకుని ఉంటుంది. ఫ్రిజ్‌లో 2 నుంచి 4 డిగ్రీల మధ్య రెండు రోజులు మూతపెట్టి ఉంచితే మెత్తబడుతుంది.

పైకొవ్వు 6 మిల్లీమీటర్లు ఉంచి మిగతాది కోసి కరిగించి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఉప్పు కిలోకు 10 నుంచి 12 గ్రాములు, తూకం వేసే వేయాలి. అమెరికా వంటల్లో చెంచాల లెక్క కోషర్ ఉప్పు అనే పెద్ద పలుకుల ఉప్పుది, మన మెత్తటి ఉప్పు అదే చెంచాకు చాలా ఎక్కువ బరువు తూగుతుంది. మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి, పొడి చేయకూడదు. ఆరేడేళ్ల పిల్లలకు ఇంతకన్నా మంచి పని లేదు. ఇంకేమీ వద్దు. గుంటూరు మిరపకారం చల్లాలని చెయ్యి లాగుతుంది, తెలుసు. కానీ పది గంటల పొగలో కారం నల్లబడి చేదవుతుంది. పైకెక్కించే ముందు పీచుకు అడ్డంగా ఒక మూల చిన్న ముక్క కోసి గుర్తు పెట్టుకోండి, తర్వాత నల్లటి పైపొర కింద పీచు ఎటు ఉందో కనపడదు.

ఎండాకాలం పగలు డాబా మీద ఈ పని పెట్టుకోవద్దు. 32 డిగ్రీలు దాటిన గాలిలో పచ్చి మాంసం గంటకు మించి బయట ఉండకూడదు, విజయవాడ మే నెల సంగతి చెప్పేదేముంది. రాత్రి పదకొండుకు మొదలుపెట్టండి. గ్రిల్ అంటించాక దట్టమైన తెల్ల పొగ పోయి సన్నటి నీలి పొగ వచ్చేదాకా పావుగంట ఆగి, 110 డిగ్రీల మీద మాంసం పెట్టండి. థర్మామీటర్ మొన పలచగా ఉండే వైపు, మందం నడుమ గుచ్చాలి, కొవ్వులో కాదు.

66 నుంచి 74 డిగ్రీల మధ్య ఎక్కడో ముల్లు ఆగిపోతుంది, రెండు మూడు గంటలు కదలదు. గ్రిల్ చెడిపోయిందని వేడి పెంచకండి. మాంసం చెమట పట్టి, ఆ తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తోంది, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టు. పదేళ్ల పిల్లలకు ఒక నోట్‌బుక్కు ఇచ్చి, పడుకునేదాకా, పొద్దున లేచాక మళ్లీ, అరగంటకోసారి ఒక గడిలో ఫారెన్‌హీట్, పక్క గడిలో సెల్సియస్ రాయమనండి. బ్రిస్కెట్ ఉడికిందనడానికి అక్కడ అలవాటైన 203 ఇక్కడి బడి లెక్కలో 95 అని వాళ్లే చేసి చూస్తారు. ముల్లు ఎందుకు ఆగిపోయిందో పొద్దున కుండ దగ్గర కూర్చోబెట్టి చెప్పొచ్చు.

పైపొర గోటితో గీకినా ఊడనంతగా గట్టిపడ్డాక, సుమారు 72 డిగ్రీల దగ్గర చుట్టాలి. టెక్సస్‌లో మైనం పూయని గోధుమరంగు కాగితం వాడతారు. మన గేదె మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి అల్యూమినియం రేకే మేలు. కరిగించిన కొవ్వు నాలుగు చెంచాలు పోసి బిగుతుగా చుట్టి 120కి పెంచండి. వార్తాపత్రిక మాత్రం వద్దు, సిరా దిగుతుంది. 93 దాటాక సన్నటి పుల్లతో గుచ్చి చూడండి, వెన్నలోకి దిగినట్టు దిగాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. 85 దగ్గర కోసి, గట్టిగా పొడిగా ఉందని ‘ఎక్కువ ఉడికింది’ అనుకుంటారు. నిజానికి ఉడకలేదు, కొలాజెన్ కరగలేదు. ఎక్కువైనది గట్టిగా ఉండదు, పొడిపొడిగా రాలిపోతుంది. దించాక తువ్వాలు చుట్టి ఐస్‌బాక్సులో రెండు గంటలు ఉంచాలి. లోపల 60కి తగ్గకముందే కోసి తినేయాలి.

ఇప్పుడు ఇల్లు. పెద్దకూర అడుగు పెట్టని వంటిళ్లు మన బంధువుల్లో చాలా ఉన్నాయి. కత్తి, పలక, పళ్లెం, ఫ్రిజ్‌లో గిన్నె అన్నీ విడిగా ఉంచి, డాబా మీదే కోసి డాబా మీదే తినడం మర్యాద. తాతయ్య తినకపోవడం వెనుక ఆయన జీవితకాలపు నియమం ఉంది. దాన్ని ప్రశ్నించే హక్కు పన్నెండేళ్ల మనవడికి లేదని ముందే చెప్పండి. అలాగే మనవడి కంచం చూసి ఎవరూ ‘ఛీ’ అనకూడదని పెద్దలకూ చెప్పండి. రెండో మాట చెప్పడమే కష్టం, అయినా చెప్పాలి. ఇంకో సంగతి పిల్లలకు తప్పక తెలియాలి: ఇది టెక్సస్ నుంచి మనం తెచ్చిన వింత కాదు. ఈ జిల్లాల్లో ఎన్నో దళిత, క్రైస్తవ, ముస్లిం ఇళ్లలో పెద్దకూర తరాలుగా ఆదివారం కూరే. ఉప్పేసి ఎండబెట్టిన తునకలు కూడా మాంసం నిలవ పెట్టుకునే తెలివే. తరగతిలో పక్కన కూర్చునే స్నేహితుడి ఇంటి తిండిని ‘అమెరికన్’ అని పిలిచే పిల్లలు తమ ఊరిని సగమే చూస్తున్నట్టు. బడి డబ్బాలో పెట్టే ముందు మాత్రం అక్కడి నియమం కనుక్కోండి.

బీఫ్ అసలే కుదరని ఇంట్లో రెండు రెండున్నర కిలోల మేక జబ్బ ఇదే ఉప్పు మిరియాలతో 120 మీద పెట్టి, 71 దగ్గర చుట్టి, 93 దాకా తీసుకెళ్లండి. ఆరేడు గంటల పని. బ్రిస్కెట్ అనొద్దు, పొగబెట్టిన జబ్బ అనండి.

కోసేటప్పుడు పీచుకు అడ్డంగా, పెన్సిల్ మందం. పలచటి వైపు, మందం వైపు పీచు వేర్వేరు దిక్కుల్లో ఉంటుంది, కలిసే చోట దిమ్మను తిప్పుకోవాలి. పద్నాలుగేళ్లు వచ్చిన పిల్లలు ఇది చేయగలరు. టెక్సస్‌లో దీనికి తోడు ఊరేసిన దోసకాయ, పచ్చి ఉల్లిపాయ. కొవ్వును పులుపు విరుస్తుంది. ఇక్కడ ఆ పని గోంగూర పచ్చడి అంతకన్నా బాగా చేస్తుంది, పక్కన ఉల్లిపాయ ఎటూ ఉండేదే. వేడన్నంలో పెట్టుకుంటారో బ్రెడ్డులో పెట్టుకుంటారో పిల్లలకే వదిలేయండి.

గ్రిల్ పూర్తిగా చల్లారాక నిప్పుగిన్నెలో బూడిద ఎత్తి, హాపర్ ఖాళీ చేసి గుళికలు డ్రమ్ములోకి పోయాలి. కొవ్వు బకెట్టు ఆ సాయంత్రమే తీసేయండి. మర్నాటికి చీమలు, పిల్లులు పడతాయి. పైగా కొవ్వు పేరుకున్న రేకు వచ్చేసారి వేడి బాగా పెంచినప్పుడు అంటుకోవచ్చు, అందుకే కింది రేకును గీకి తుడిచాకే గ్రిల్‌కు కవరు వేయాలి.