ఈ46 డోనర్ బండి నుంచి ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి

మన బండికి కావలసిన భాగాలు విప్పుకోవడానికి స్క్రాప్ యార్డులో దొరికే పాత బండే డోనర్ బండి. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 1998 నుంచి 2006 దాకా వచ్చిన తరాన్ని ఈ46 అంటారు. వాటిలో 2000 తర్వాత వచ్చిన ఎం54 ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ బండ్ల గురించే ఇదంతా. 325ఐలో 2494 సీసీ, 330ఐలో 2979 సీసీ. అమెరికా, ఇంగ్లండ్ స్క్రాప్ యార్డుల్లో ఇవి ఇంకా దొరుకుతున్నాయి. అక్కడుండే మనవాళ్లలో పాత బండి బాగుచేసుకునేవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేదీ వీటితోనే.

యార్డులోకి అడుగుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. లోహం కిలోమీటర్లతో అరుగుతుంది, ప్లాస్టిక్, రబ్బరు ఏళ్లతో చచ్చిపోతాయి. 60 వేల కిలోమీటర్లే తిరిగిందని బోర్డు పెట్టిన బండిలో కూడా కూలెంట్ ట్యాంకు వయసు ఇరవై ఏళ్ల పైమాటే. కాబట్టి డోనర్ బండి నుంచి ఇనుము, అల్యూమినియం తెచ్చుకోండి. ప్లాస్టిక్, రబ్బరు ఎంత చవగ్గా దొరికినా అక్కడే వదిలేయండి.

ఈ మాట అన్నిటికన్నా ఎక్కువ వర్తించేది కూలింగ్ సిస్టమ్‌కి. ఎం54లో ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, రేడియేటర్ మూతి, థర్మోస్టాట్ హౌసింగ్ అన్నీ ప్లాస్టిక్కే. ఇంజన్ వేడికి ఏళ్ల తరబడి మగ్గి పెళుసెక్కుతాయి. ట్యాంకు అతుకు దగ్గర సన్నగా చీలుతుంది. పై హోసు పట్టుకునే రేడియేటర్ మూతి ఒక్కసారిగా విరుగుతుంది. పాత కూలెంట్ పంపుల్లో ప్లాస్టిక్ ఇంపెల్లర్ (కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం) షాఫ్టు మీద జారిపోతుంది లేదా ముక్కలవుతుంది. వీటిలో ఏదో ఒకటి పోయాక మార్చుదాంలే అనుకోవడమే పెద్ద పొరపాటు. పాతవాటిలో ఒకటి కొత్తది వేస్తే ఒత్తిడి మళ్లీ నిలుస్తుంది, ఆ ఒత్తిడికి పక్కనున్న పాతది పగులుతుంది. రేడియేటర్, ట్యాంకు, మూత, పై కింద హోసులు, థర్మోస్టాట్, పంపు, బెల్టులు, వాటి పుల్లీలు మొత్తం ఒకేసారి మార్చాలి.

డాష్‌బోర్డు ముల్లును నమ్మి బండి నడిపితే ఇంజన్ పోతుంది. దాదాపు 75 నుంచి 115 డిగ్రీల దాకా ముల్లు సరిగ్గా మధ్యలోనే నిలిచేలా కంపెనీ ప్రోగ్రామ్ చేసింది. ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మీటరులోనే దాచిపెట్టిన టెస్ట్ మెనూ ఉంది, అందులో 7వ నంబరు కూలెంట్ అసలు వేడిని అంకెల్లో చూపిస్తుంది. ముందు 19వ నంబరులో తాళం తీయాలి. ఓబీడీ పోర్టుకు (బండి లోపాల కోడ్‌లు చదివే సాకెట్టు) చిన్న రీడర్ తగిలించి ఫోనులో చూసుకున్నా చాలు. ఈ ఇంజన్‌లో థర్మోస్టాట్ 97 డిగ్రీలది, కాబట్టి 95 దాటిందని కంగారు పడక్కర్లేదు. 70 దగ్గరే ఆగిపోతుంటే మాత్రం థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే, పీ0128 కోడ్ వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇక విప్పే వరస. విస్కస్ ఫ్యాన్ ఉన్న బండ్లలో ఫ్యాను 32 మిల్లీమీటర్ల నట్టుతో పంపు షాఫ్టుకు బిగించి ఉంటుంది. ఆ మర ఎడమ చేతి మర. బండి ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. సన్నటి 32 పాన పెట్టి, పుల్లీని ఇంకో పట్టుతో ఆపి, పాన మీద సుత్తితో ఒక్క దెబ్బ కొడితే వదులుతుంది. పంపు పుల్లీకి ఉన్న 4 బోల్టులను బెల్టు తీయకముందే కాస్త వదులు చేయాలి. బెల్టు తీసేశాక పుల్లీ ఊరికే తిరుగుతుంది, పట్టు దొరకదు. పంపుకు 4 నట్లు ఉంటాయి. అవి తీశాక స్క్రూడ్రైవరు పెట్టి పెళ్లగించకూడదు, అల్యూమినియం ముఖం గీసుకుపోతే కొత్త ఓ రింగు కూడా కారుతుంది. పంపు అంచున మర ఉన్న రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలోకి రెండు ఎం6 బోల్టులు ఎక్కించి, ఒక్కోదాన్ని సగం చుట్టు చొప్పున మార్చి మార్చి తిప్పితే పంపు దానంతటదే బయటికొస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ఈ ఎం6 నట్లకు బిగుతు 10 న్యూటన్ మీటర్లు మించకూడదు.

రేడియేటర్ కింద ప్లగ్గు తీసి ఖాళీ చేస్తే సగమే ఖాళీ అవుతుంది. మిగతాది బ్లాకులోనే ఉంటుంది. ఎగ్జాస్ట్ వైపు బ్లాకుకు 13 మిల్లీమీటర్ల ప్లగ్గు ఉంది, అదీ తీయాలి. మళ్లీ పెట్టేటప్పుడు వాషరు కొత్తది వేసి 25 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మొత్తం పట్టేది సుమారు 8.4 లీటర్లు. బీఎండబ్ల్యూ వాడే నీలం రంగు జీ48 రకం కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు అసలు పోయకండి, మన ప్రాంతంలో నీటి ఉప్పుకు అల్యూమినియం లోపల్నించి తినేస్తుంది.

గాలి తీయడం దగ్గరే చాలామంది తొందరపడతారు. బండి ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టండి. ఇంజన్ ఆపి, తాళం రెండో స్థానానికి తిప్పి, హీటర్ వేడి పూర్తిగా పెంచి, బ్లోయర్ అన్నిటికన్నా తక్కువలో పెట్టండి. అలా చేస్తేనే హీటర్ వాల్వు తెరుచుకుంటుంది. ట్యాంకు మీది ప్లాస్టిక్ బ్లీడ్ స్క్రూ విప్పి, నెమ్మదిగా పోస్తూ, అక్కడ బుడగలు ఆగి కూలెంట్ ధారగా వచ్చేదాకా ఆగండి. ఆ స్క్రూను చేతి బిగుతుకు కొంచెం పైన ఆపేయాలి, గట్టిగా తిప్పితే తల విరిగి ట్యాంకులోనే ఉండిపోతుంది. మరునాడు ఇంజన్ పూర్తిగా చల్లారాక ఎర్ర తేలుడు పుల్ల చూసి మట్టం సరిచేయండి. మూత మీద 200 అని ఉంటే 2 బార్ ఒత్తిడికి, 140 అని ఉంటే 1.4 బార్‌కు తెరుచుకుంటుంది. పాత రేడియేటర్ ఇంకొన్నాళ్లు వాడక తప్పని పరిస్థితిలో 140 మూతే మేలు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఎం54 బ్లాకు అల్యూమినియం. ఒక్కసారి బాగా వేడెక్కితే హెడ్ బోల్టులు పట్టుకున్న మర బ్లాకులోంచి ఊడి వచ్చేస్తుంది, వెనక సిలిండర్ల వైపు మరీ ఎక్కువగా. అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మార్చినా లాభం లేదు. చివరి బిగింపులో బోల్టు గిర్రున తిరుగుతుంది. ప్రతి రంధ్రాన్నీ డ్రిల్ చేసి స్టీలు ఇన్‌సర్టు వేయాలి. డోనర్ ఇంజన్ కొనేవాళ్లకు ఇదే మొదటి పరీక్ష. కూలెంట్ ట్యాంకు మూతిలో నూనె జిడ్డు ఉందా, స్పార్క్ ప్లగ్గుల్లో ఏదైనా ఒకటి మాత్రమే కడిగినట్టు తెల్లగా ఉందా చూడండి. ఆయిల్ మూత కింద మీగడలాంటి పూత కనిపించగానే హెడ్ పోయిందని తీర్మానించకండి. చలి దేశాల్లో ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి లాగే క్రాంక్‌కేస్ వెంటిలేషన్‌లో తేమ చేరి కూడా అలాంటి పూతే వస్తుంది. వీలైతే ఆరు సిలిండర్లకూ లీక్ డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూసేది) చేయించాకే డబ్బు ఇవ్వండి.

ఆ వెంటిలేషన్ పెట్టె, దాని నాలుగు గొట్టాలు డోనర్ నుంచి తీసే పనే లేదు, ముట్టుకుంటే విరుగుతాయి. ఇన్‌టేక్ పక్కనుండి, ఇంజన్‌లోకి వెళ్లే గాలి దారిని మార్చే డీసా వాల్వు మాత్రం తేవచ్చు, అయితే దాని బాడీ కోసమే. లోపలి ప్లాస్టిక్ రెక్క వదులై, పిన్ను ఊడి ఇంజన్‌లోకి జారిపోయిన సందర్భాలున్నాయి. అల్యూమినియం రెక్క, లోహపు పిన్ను ఉన్న రిపేరు కిట్టు వేసి బిగించుకోవాలి. 2.5 లీటర్ల డీసా, 3.0 లీటర్ల డీసా ఒకటి కావు, ఏ ఇంజన్‌లోంచి తీశారో రాసిపెట్టుకోండి.

వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వానోస్ యూనిట్ తేవడానికి అన్ని విధాలా తగిన భాగం. బాడీ లోహం, చెడేది లోపల పిస్టన్ల మీది సీళ్లే. కంపెనీ వేసిన బ్యూనా రబ్బరు ఓ రింగులు నూనె వేడికి గట్టిపడి సందు వదులుతాయి. 3000 ఆర్‌పీఎం కింద బండి బరువుగా లాగడం, ఐడిల్ ఊగడం దాని లక్షణాలు. విటాన్ రింగు, దాని మీద టెఫ్లాన్ సీలు ఉన్న కిట్టు వేస్తే ఇంజన్ ఊపిరి తిరిగొస్తుంది. విప్పేటప్పుడు లోపలి టీ30 స్క్రూలు ఎడమ చేతి మరవి. మామూలు వైపు బలంగా తిప్పితే విరుగుతాయి.

ఎలక్ట్రానిక్స్‌లో ఒరిజినల్ పాత భాగం, చవక కొత్త నకలు కన్నా నయం. ఎయిర్ మాస్ సెన్సర్, క్యామ్ సెన్సర్లు ఇందుకు ఉదాహరణ. ఇంజన్ కంప్యూటర్ తెస్తే మాత్రం ఒక్కదాన్నే తీయకూడదు. ఇంజన్ కంప్యూటర్, దొంగతనాన్ని ఆపే ఈడబ్ల్యూఎస్ మాడ్యూల్, తాళం చెవి ఈ మూడూ ఒకే బండివి కావాలి, లేకపోతే స్టార్టరు తిరగదు లేదా ఇంజన్ అందుకోదు. మీటరు మారిస్తే, లైట్ల స్విచ్చు మాడ్యూల్‌లో దాచిన బండి నంబరుతో, కిలోమీటర్లతో సరిపోలక ఓడోమీటరు పక్కన చుక్క వెలుగుతుంది. ఆ చుక్క కనిపించే బండి కొనేముందు కారణం అడగండి.

ఇనుములో మొదటి బహుమతి 330ఐ బ్రేకులు. 325ఐ ముందు డిస్కు 300 మిల్లీమీటర్లు, 330ఐది 325. క్యాలిపర్, దాన్ని పట్టుకునే బ్రాకెట్ రెండూ కలిపి తీయండి. డిస్కులు, ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు కొత్తవి. 17 అంగుళాలకు తక్కువ చక్రం పట్టదు. వెనక 330ఐ డిస్కు 320, దానిలోపలి హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము కూడా పెద్దది కాబట్టి షూలు, వెనక ప్లేటు కూడా తేవాలి. క్యాలిపర్ పిస్టన్‌ను గాలి ఒత్తిడితో బయటికి తీసి, తుప్పు గుంటలు లేకుంటేనే కొత్త సీలు వేసి వాడండి. పిస్టన్ ఎదురుగా చెక్కముక్క పెట్టడం మరవద్దు, వేళ్లు నలిగిపోతాయి. బ్రాకెట్ బోల్టులు ముందు 110, వెనక 67 న్యూటన్ మీటర్లు. గైడు పిన్నులకు 7 మిల్లీమీటర్ల అలెన్, 30 న్యూటన్ మీటర్లు. ఈ పిన్నులకు గ్రీజు పూయకండి, శుభ్రంగా పొడిగా ఉండాలి. గ్రీజుకు పిన్ను చుట్టూ ఉండే రబ్బరు బుష్ ఉబ్బి పిన్ను ఇరుక్కుంటుంది.

రెండోది డిఫరెన్షియల్ (డిఫ్), ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేరుపెట్టె. దాని గేరు నిష్పత్తి 330ఐ మాన్యువల్‌లో 2.93, ఆటోమేటిక్‌లో 3.38. ఆటోమేటిక్ బండి డిఫ్ తెచ్చి మాన్యువల్‌లో వేస్తే ప్రతి గేరులో లాగుడు 15 శాతం పెరుగుతుంది, హైవే మీద ఆర్‌పీఎం కూడా అంతే పెరుగుతుంది. స్పీడోమీటరు చక్రాల సెన్సర్ నుంచి లెక్క తీసుకుంటుంది కాబట్టి తప్పు చూపించదు. యార్డులో చీటీ ఊడిపోయి ఉంటే ఇలా తేల్చుకోండి: ఒక వైపు ఫ్లాంజిని (చక్రపు షాఫ్టు బిగించే పళ్లెం) కదలకుండా పట్టి, రెండో వైపు సరిగ్గా 2 చుట్లు తిప్పి, ముందు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడుకు కాస్త తక్కువ తిరిగితే 2.93, మూడూ పైన మూడో వంతు దాకా తిరిగితే 3.38. నూనె తీసేముందు పోసే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోవాలి, కింది ప్లగ్గు తీశాక పైది ఇరుక్కుంటే బండి అక్కడే ఉండిపోతుంది. ముందు సీలు కారుతోందని ముందు షాఫ్టు మీది పీనియన్ నట్టు విప్పకండి, దాని బిగుతులోనే బేరింగుల లోడు ఉంటుంది.

డిఫ్ కోసం వెనక భాగం విప్పినప్పుడు, మీ సొంత బండి నేలరేకును తప్పకుండా చూడండి. ఈ46లో వెనక సబ్‌ఫ్రేమ్ (డిఫ్‌ను, వెనక సస్పెన్షన్‌ను మోసే చట్రం) నాలుగు చోట్ల రేకుకు బిగించి ఉంటుంది. ఆ చోట్ల స్పాట్ వెల్డులు విడిపోయి రేకు చీలుతుంది. అరిగిన బుష్‌లతో నడిపితే తొందరగా చీలుతుంది. మట్టి, అండర్‌కోట్ గీకి, మౌంటు చుట్టూ వెలుగు వేసి చూడాలి, డిక్కీలో కార్పెట్ ఎత్తి పైనుంచి కూడా. గేరు వేసి వదిలినప్పుడు వెనక టక్కుమని మోగడం ఒక సూచన. చీలిక ఉంటే దాని కొసల్లో చిన్న రంధ్రం వేసి ఆపి, వెల్డు చేసి, నాలుగు చోట్లా రీన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్లు అతికించాలి. సీలెంటు పూసి దాచినది నమ్మకండి. ఈ ఖర్చు తేలకుండా బ్రేకులకు, డిఫ్‌కు డబ్బు పెట్టడం దండగ.

ముందు కంట్రోల్ ఆర్ముల బుష్‌లు కొత్తవి వేసేవాళ్లకు ఒక మాట. అవి ఎక్కించడానికి నూనె, గ్రీజు వాడకండి, సబ్బునీళ్లు చాలు. ఎక్కించిన అరగంటలోపే బండి చక్రాల మీద దింపి, బరువు పడనిచ్చి అలాగే ఆరనివ్వాలి. గాల్లో వేలాడుతూ ఆరితే బుష్ మెలిపడి, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. బ్రాకెట్ బోల్టులు 59 న్యూటన్ మీటర్లు.

అమెరికా యార్డు నుంచి ఇండియాకు సామాను తెప్పించుకునేవాళ్లు స్టీరింగ్ ఏ వైపో గుర్తుంచుకోవాలి. బ్రేకులు, డిఫ్, వానోస్, డీసా ఎటైనా ఒకటే. స్టీరింగ్ ర్యాక్, డాష్‌బోర్డు మాత్రం పనికిరావు. హెడ్‌లైట్లు బిగించుకుంటాయి గానీ, అక్కడివి డిమ్‌లో కుడివైపు పైకి కొడతాయి, మన రోడ్ల మీద ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి. వాటిని ఇంగ్లండ్ బండి నుంచే తెప్పించుకోండి.