ఆడిన సినిమాకూ పోస్ట్‌మార్టం కావాలి

సినిమా పోతే తప్పు వెతకని వాళ్లుండరు. ఆడితే మాత్రం ఎందుకాడిందని ఎవరూ అడగరు, అసలు గొడవంతా అక్కడే. మద్రాసులో విజయా నిర్మాణ సంస్థ వారి వరస చూడండి. 1950లో ‘షావుకారు’కు పేరొచ్చింది గానీ డబ్బు అంతగా రాలేదు. 1951లో ‘పాతాళభైరవి’ విరగబడి ఆడింది. మళ్లీ ఎన్టీఆర్, మళ్లీ రంగారావు, మళ్లీ జానపదమే, అయినా 1954లో ‘చంద్రహారం’ బోల్తా కొట్టింది. మరుసటేడు ‘మిస్సమ్మ’లో మాయల్లేవు, మంత్రాల్లేవు: ఉద్యోగం కోసం ఇద్దరు ఆడిన అబద్ధం, అంతే. అయినా బాగా ఆడింది.

ఇప్పుడు చెన్నైలో సినిమా వాళ్ల పేటలైన వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల షార్ట్ ఫిల్ములు తీసే మనవాళ్లు చేయాల్సిన మొదటి పని, షూటింగ్‌లోనే లెక్క రాయడం. కంటిన్యుటీ షీట్‌లో (ఏ షాట్ ఎన్ని టేకులు తీశారో రాసుకునే కాగితంలో) ప్రతి ఎన్‌జీ టేక్ పక్కనా, అంటే పనికిరాదని పక్కన పెట్టిన ప్రతి టేక్ పక్కనా, ఒక్క మాటలో కారణం: ఫోకస్, సౌండ్, నటన, డైలాగు మరచిపోవడం. ఎడిటింగ్‌కు ముందు వాటిని కూడండి. సౌండ్‌వే ఎక్కువుంటే సౌండ్ ఇంజనీర్‌ని తిట్టి లాభం లేదు, లొకేషన్ ఎంపికే తప్పు. చెన్నై అపార్ట్‌మెంట్‌లో ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాల్సిందే. ఆపిన ఫ్రిజ్‌లో బండి తాళాలు పెట్టేయండి, వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరచిపోరు. ప్రతి గదిలోనూ 30 సెకన్లు ఎవరూ కదలకుండా రూమ్ టోన్, అంటే ఆ గది నిశ్శబ్దం, రికార్డు చేయకపోతే, డైలాగుల మధ్య అతుకులు డబ్బింగ్ దాకా వెంటాడతాయి.

రఫ్ కట్‌ను (సీన్లన్నీ వరసగా అతికిన మొదటి ఎడిటింగ్‌ను) మ్యూజిక్ వేయకముందే ఎనిమిది పది మంది కొత్తవాళ్లకు చూపించండి. చుట్టాలు, యూనిట్ వాళ్లు వద్దు, వాళ్లది మొహమాటం. ‘బాగుందా?’ అని అడగొద్దు. వెనక కూర్చుని, ఫోన్లు ఏ నిమిషంలో బయటికొచ్చాయో రాసుకోండి. మర్నాడు ఫోన్ చేసి కథ చెప్పమనండి. ఎక్కడ తడబడతారో అక్కడ సమాచారం చేరలేదన్నమాట. పద్నాలుగో నిమిషంలో విసుగొస్తే కత్తెర అక్కడే వేయకండి, రోగం చాలాసార్లు అయిదో నిమిషంలో ఉంటుంది: హీరోకి ఏం కావాలో అక్కడ చెప్పి ఉండరు.

జనం మెచ్చుకున్న సీన్‌కూ ఇదే తంతు. అది స్క్రిప్టులోనే ఉందా, సెట్లో నటుడు కలిపాడా, ఎడిటర్ రెండు డైలాగులు లేపేస్తే నిలబడిందా? నటుడు కలిపిందయితే ఆ పేజీ మీరు అనుకున్నంత బలమైంది కాదు.

యూట్యూబ్‌లో పెట్టాక వ్యూస్ కంటే రిటెన్షన్ గ్రాఫ్, అంటే ఏ క్షణం దాకా ఎంతమంది చూస్తున్నారో చెప్పే గీత, చూడండి. మొదటి 30 సెకన్లలోనే గీత బాగా పడితే థంబ్‌నెయిల్ ఆశపెట్టిందీ మీరు చూపించిందీ ఒకటేనా అని సరిచూసుకోండి. మధ్యలో ఒకచోట జారితే ఆ సీన్ కంటే ముందు సీన్‌ను అనుమానించండి.