అడగందే పెట్టని ఇళ్లలో

డెన్మార్క్, స్వీడన్, నార్వే మూడింటి డబ్బు పేరూ క్రోనే. కానీ ఒకరి క్రోన్ ఇంకొకరి దగ్గర చెల్లదు. ఈ సంగతి మొదటి రోజే మా బ్యాంకు మేడంకి చిరాకు తెప్పించింది. మేడం అంటే హాస్టల్ రోజుల నుంచీ నా స్నేహితురాలు, నిజంగా బ్యాంకులోనే పనిచేస్తుంది. కాఫీ తాగాలన్నా, స్టేషన్‌లో టాయిలెట్‌కి వెళ్లాలన్నా ముందు రూపాయల్లోకి మార్చి చూసుకుని, నిట్టూర్చి, ఆ తర్వాతే అడుగు వేస్తుంది. ఇద్దరం కలిసి వీపున బ్యాగులేసుకుని బయల్దేరినప్పుడే అనుకున్నాం, హోటళ్ల జోలికి పోతే ఓస్లో చేరకుండానే ఇంటికి తిరుగు టపా కట్టాలని. అందుకే సభ్యుల ఇళ్లలో అతిథులుగా ఉండనిచ్చే సెర్వాస్ అనే సంఘంలో చేరాం.

సెర్వాస్ పుట్టింది డెన్మార్క్‌లోనే, 1949లో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లయింది. ఒక దేశం మనిషి ఇంకో దేశం వాళ్లింట్లో రెండు రోజులుండి, వాళ్లతో కలిసి గిన్నెలు కడిగితే, రేపు వాళ్ల మీద తుపాకీ ఎత్తడం అంత తేలిక కాదని బాబ్ లూయిట్‌వైలర్ అనే అమెరికన్ యువకుడూ అతని మిత్రులూ నమ్మారు. చేరాలంటే ముందు ఇంటర్వ్యూ చేస్తారు, ఆ తర్వాత పరిచయ పత్రం ఇస్తారు. దాంతో సభ్యులకు రాసుకోవాలి. వీలైనవాళ్లు రమ్మంటారు. మామూలుగా రెండు రాత్రులు. డబ్బు ప్రసక్తి లేదు. కాకపోతే పొద్దున్నే వెళ్లి, రాత్రి వచ్చి మంచం మీద పడిపోతే బాగుండదు, కూర్చుని కబుర్లు చెప్పాలి. ఆ షరతు మా ఇద్దరికీ ఏమాత్రం కష్టమనిపించలేదు.

మేం వెళ్లింది జూలై చివర్లో. అక్కడి జనానికి అది సెలవుల కాలం. రాసిన చాలా ఉత్తరాలకు ‘ఆ వారం ఊళ్లో ఉండం’ అనే జవాబొచ్చింది. కోపెన్‌హాగెన్‌లో ఒక వయసు మళ్లిన జంట మాత్రం రమ్మనడమే కాక, రెండు సైకిళ్లకు గాలి కొట్టి సిద్ధంగా ఉంచారు. ఆగబోయే ముందు చెయ్యి పైకెత్తాలి, సైకిళ్ల దారిలో నిలబడి ఫోటోలు తీయకూడదు. ఈ రెండూ చెప్పి పంపించారు. రెండోది మేం వినలేదనుకోండి, వెనకనుంచి మోగిన గంటలు వినిపించాయి. ఊరు చూడముచ్చటగా ఉంది, అందరూ రాసేదే కాబట్టి నేను మళ్లీ రాయను.

అక్కడి నుంచి స్వీడన్‌లోని మాల్మోకి రైలులో ముప్పావు గంట కూడా పట్టదు. ఆ దారిలో 2000లో తెరిచిన ఓరెసుండ్ వారధి తమాషా ఏమిటంటే, డెన్మార్క్ వైపు అది వంతెన కాదు, సముద్రం కింద నాలుగు కిలోమీటర్ల సొరంగం. పక్కనే విమానాశ్రయం ఉంది కనుక ఎత్తైన స్తంభాలు విమానాలకు అడ్డం వస్తాయి. సొరంగం మనుషులు కట్టిన ఒక దీవిలో తేలుతుంది, అక్కడినుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వంతెన. చీకట్లోంచి బయటపడేసరికి రెండు పక్కలా నీళ్లే.

మాల్మో ఆవిడ రిటైరైన నర్సు, ఒంటరిగా ఉంటారు. ఆరుంబావుకి రమ్మన్నారు. మేం ఐదున్నరకే చేరి, తలుపు కొట్టే ధైర్యం లేక, ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. చెప్పిన వేళకి వెళితే గుమ్మంలోనే చెప్పులు విడవమన్నారు. ఆ మాటతో సగం బెరుకు పోయింది. కాఫీ కన్నా ముందు ఇంటి తాళం చెవి మా చేతిలో పెట్టి, ‘రేపు పొద్దున నేనుండను, మీ ఇష్టం’ అన్నారు. దానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత పావుగంటసేపు అపార్ట్‌మెంట్ కింద ఉన్న బట్టలుతికే గది గురించి చెప్పారు. స్వీడన్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో వాషింగ్ మెషీన్ అందరికీ ఉమ్మడి. గోడకి ఒక పలక, దాని మీద తేదీలూ గంటలూ. ప్రతి ఫ్లాటుకీ ఒక చిన్న తాళం బిళ్ల ఉంటుంది, కావలసిన గంటల దగ్గర దాన్ని గుచ్చి తాళం వేస్తే ఆ పూట గది మీది. సమయం దాటినా, డ్రయర్ జల్లెడలో నూగు వదిలేసినా గోడ మీద చీటీ వెలుస్తుంది. పేరుండదు, కోపం మాత్రం ఉంటుంది.

ఆ రాత్రి భోజనం దగ్గర అసలు సంగతి తెలిసింది. ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, పైన సోయాకూర (డిల్ ఆకు) తరుగు, వెన్న. ఆవిడ గిన్నె చూపించి ‘ఇంకాస్త?’ అన్నారు. మేడం మనింటి అలవాటు కొద్దీ ‘అబ్బే, చాలండీ’ అంది, రెండోసారి అడుగుతారు కదా అని. ఆవిడ తలూపి గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టేశారు. అర్ధరాత్రి ఇద్దరం బ్యాగులోంచి జంతికలు తీసి, చప్పుడు కాకుండా నములుతుంటే ‘అడగందే అమ్మైనా పెట్టదంటే ఏమో అనుకున్నానే’ అంది మేడం. మర్నాడు గిన్నె కదలకముందే కంచం చాపింది. ఆవిడ ఎంత సంతోషించారో! పిసినారితనం కాదది. వద్దన్న మనిషిని బలవంతం చేయడం వాళ్ల దృష్టిలో ఆ మాటని నమ్మకపోవడమే.

స్టాక్‌హోంలో మాత్రం కిస్తాలో ఉండే మేడం చిన్నాన్నగారి అబ్బాయింట్లో దిగాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న ఆ పేటలో మెట్రో దిగగానే తెలుగు వినిపించింది. ఆ ఇంట్లో ‘వద్దు’కి విలువే లేదు. అరచెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి పప్పు పడింది. 1628లో బయల్దేరిన రోజే మునిగి, 1961లో పైకి తీసిన వాసా ఓడని చూస్తున్నప్పుడు, అంత బరువు నింపుకుని మునగక ఏం చేస్తుందని మేడం పొట్ట తడుముకుంది.

ఆ తర్వాత నార్వేలో ఓస్లో నుంచి బెర్గెన్‌కి రైలు. 1909లో పూర్తయిన దారి, దాదాపు 180 సొరంగాలు. మధ్యలో 1222 మీటర్ల ఎత్తున ఫిన్సె అనే స్టేషన్. అక్కడికి కారు రోడ్డు లేదు. జూలైలో కూడా అవతల కొండమీద మంచు. రైలు ఆగిన కాసేపట్లో దిగి ఆ గాలి పీల్చి, వణుకుతూ మళ్లీ ఎక్కాం.

బెర్గెన్‌లో వాన. అదేమీ విశేషం కాదట. మా ఆతిథేయులు స్కూల్లో చెప్పే దంపతులు, ఇద్దరు పిల్లలు. వెళ్లింది శుక్రవారం కాబట్టి టాకోలు, అంటే కూర నింపి మడిచే మెక్సికన్ రొట్టెలు. నార్వేలో శుక్రవారం రాత్రి టాకో తినని ఇల్లు ఉంటుందా అని నాకు అనుమానమే. మెక్సికోకి ఇంత దూరంలో ఇదేం ఆచారమో గానీ, సీసా మీద ‘కారం’ అని రాసున్న సాస్ మాకు చప్పగా తగిలింది. మేడం కందిపొడి పొట్లం విప్పింది. చిన్నవాడు ధైర్యంగా చల్లుకుని, మూడు గ్లాసుల నీళ్లు తాగి, మళ్లీ చల్లుకున్నాడు. పొద్దున బ్రెడ్డు మీద వాళ్ల గోధుమరంగు చీజ్. మజ్జిగ తేటలాంటి పాల విరుగు నీటిని చిక్కగా మరిగించి చేస్తారు, అచ్చం మన పాలకోవాలా ఉంది. దాన్ని పల్చగా కోసే పరికరం 1925లో థోర్ బ్యోర్క్‌లుండ్ అనే వడ్రంగి కనిపెట్టాడు, కర్రని చిత్రిక పట్టే పనిముట్టు చూసి. ఒక పక్కే గీరి గుంట చేస్తే ఇంట్లో గొడవలైపోతాయని పెద్దమ్మాయి హెచ్చరించింది.

ఆదివారం వాళ్లు మమ్మల్ని కొండమీది హట్‌కి తీసుకెళ్లారు. 1868 నుంచీ ఉన్న డీఎన్‌టీ అనే ట్రెకింగ్ సంఘానిది. దారిలో నల్లగా పండిన బ్లూబెర్రీలు ఎవరైనా కోసుకోవచ్చు. 1957 నాటి చట్టం ప్రకారం ఇళ్లకి కనీసం 150 మీటర్ల దూరంలో టెంటు కూడా వేసుకోవచ్చు, అదీ మామూలుగా రెండు రాత్రులే. హట్‌లో మనిషి లేడు. అరల్లో డబ్బాల ఆహారం, ఓట్స్, అటుకుల్లా గట్టి రొట్టెలు. ఏం తిన్నామో, ఎందరం పడుకున్నామో మనమే రాసి డబ్బు కట్టాలి. వెళ్లేముందు కట్టెలు కొట్టి, నేల ఊడ్చి పోవాలి. మేడం అరల ముందు చాలాసేపు నిలబడి, ‘దీనికి ఆడిట్ ఎవరు చేస్తారు?’ అని అడిగింది. మా ఆతిథేయి అయిన ఆయన నవ్వలేదు. ‘ఎగ్గొట్టేవాళ్లు లేరని కాదు. వాళ్ల కోసం గుమ్మంలో కాపలా పెడితే, మంచు తుఫానులో వచ్చినవాడు బయటే ఉండిపోతాడు’ అన్నారు. మేడం తను తాగిన కాఫీ పొడి కూడా రాసింది. కూడిక రెండుసార్లు చూసుకుంది.

తిరిగొచ్చాక మేడం విజయవాడలో తన ఇంటిని కూడా సెర్వాస్ జాబితాలో పెట్టించింది. జనవరిలో ఒక డేనిష్ అమ్మాయి వస్తానని రాసింది. మేడం పొద్దున్నే బ్యాంకుకి వెళ్లిపోతుంది కదా, తాళం చెవి సంగతి అత్తగారి దగ్గర ఎత్తింది. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ‘పిల్లకి నాలుగు పూటలూ నేనే వండి పెడతాను, నువ్వు సెలవు కూడా పెట్టక్కర్లేదు. తాళం చెవి మాత్రం అడక్కమ్మా’ అన్నారట.