గేట్ ఎకాలజీ పేపర్: మార్కులు జారిపోయేది లెక్కల దగ్గరే

చేపలు, అడవులు, వన్యప్రాణుల మీద పరిశోధన చేయాలనుకునేవాళ్లకు గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ ఉంది. 2013లో మొదలైంది. 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వే.

మన డిగ్రీలో ఎకాలజీ అంటే నిర్వచనాలు, పటాలు. అవి బట్టీపట్టి వెళ్తే ఇక్కడ సగం దారిలోనే ఆగిపోతారు. నంబరు టైప్ చేసే ప్రశ్నలకు ఆప్షన్లుండవు, నెగెటివ్ కూడా ఉండదు. కాబట్టి వాటిని ఖాళీగా వదలొద్దు. ఆప్షన్ల ప్రశ్నల్లో మాత్రం ఒకటే జవాబున్న వాటికి తప్పు రాస్తే మూడో వంతు కోత.

ఒక లెక్క చూడండి. చెరువులో 60 చేపలకు గుర్తు వేసి వదిలారు. రెండోసారి 50 పడితే 12 గుర్తున్నవి. మొత్తం ఎన్ని? 60×50÷12, అంటే 250. ఇంతవరకు అందరూ చేస్తారు. కొన్ని చేపల గుర్తులు ఊడిపోతే అంచనా పెరుగుతుందా, తగ్గుతుందా అంటేనే తడబాటు. గుర్తున్నవి తక్కువ దొరుకుతాయి, భాగించే సంఖ్య చిన్నదవుతుంది, అంచనా పెరుగుతుంది.

జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచికలో తప్పు ఇంకా చిన్నది, నష్టం అంతే: ఒక లాగరిథమ్ బదులు ఇంకోటి వాడటం. 4 జాతులు సమానంగా ఉంటే సహజ లాగరిథమ్‌తో 1.386, పది ఆధారంతో 0.602. సొంత కాలిక్యులేటర్ అనుమతించరు, తెర మీది దానితోనే పని. అందులో ఈ రెండు లాగరిథమ్‌ల బటన్లూ ఉంటాయి. మాక్ టెస్టులు దాంతోనే చేయండి. రౌండింగ్ చివరి మెట్టులోనే.

అన్నిటికన్నా ఎక్కువ సమయం లాజిస్టిక్ పెరుగుదలకివ్వండి, అంటే ఒక హద్దు దగ్గరికొచ్చేకొద్దీ నెమ్మదించే పెరుగుదలకు. చేపల పెరుగుదల రేటు r 0.4, ఆ నీరు మోయగల గరిష్ఠ సంఖ్య K 2000 అయితే గరిష్ఠ సుస్థిర దిగుబడి (సంఖ్య తరిగిపోకుండా ఏటా పట్టగలిగే అత్యధికం) rK/4, అంటే ఏటా 200. తొందరలో K/2 చూసి 1000 అని కొట్టేస్తారు. అది దిగుబడి కాదు, అప్పుడుండాల్సిన చేపల సంఖ్య.

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కానీ బెంగళూరు ఐఐఎస్సీ అయినా, తిరుపతి ఐసర్ అయినా పీహెచ్‌డీ సీటు తేలేది ఇంటర్వ్యూలోనే. అక్కడ ఈ rK/4 సూత్రాన్నే తిప్పి అడగొచ్చు: ఏటా సరిగ్గా 200 పడుతూ పోతే ఏమవుతుంది? చేపల సంఖ్యను బట్టి ఏడాది పెరుగుదల ఎంతో చూపే వక్రం గీసి, దాని శిఖరాన్ని తాకేలా 200 దగ్గర అడ్డగీత పెట్టండి. చేపలు 1000 కంటే కాస్త తగ్గినా ఏడాది పెరుగుదల 200కు చాలదు, మరుసటి ఏడు ఇంకా తగ్గుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో 61 రోజుల వేట నిషేధం గురించి అడిగినా ఇదే బొమ్మతో మొదలుపెట్టి, గుడ్లు పెట్టే కాలం దగ్గరికి రండి.