పదమూడో ఎక్కం దగ్గర ఆగిన మాట

మేం ముగ్గురం. ఒకే తాడుకి కట్టుకుని నడిస్తే ముందు అన్న, మధ్యలో నేను, చివర తమ్ముడు. సొంత అన్నదమ్ములం కాదు, ఒకే ఆఫీసు. కలిసి కొండలు తిరగడంతో వరసలు అలా స్థిరపడిపోయాయి. హిమానీనదం మీద నడవడం, క్రెవాస్‌లో, అంటే మంచులోని లోతైన పగుల్లో పడ్డ మనిషిని పైకి లాగడం నేర్పే రెండు రోజుల శిక్షణ ముందు ఏడాదే తీసుకున్నాం. ఆ ధైర్యంతోనే జులైలో ఫ్రాన్స్‌లోని షామొనీ వెళ్లాం.

ఊళ్లో కేబుల్ కార్ ఎక్కితే 3,777 మీటర్ల ఎత్తున, ఎగుయ్ దు మిది అనే శిఖరం మీద దింపుతుంది. అక్కడ సన్నటి మంచు గట్టు దిగి, వాలే బ్లాంష్ అనే తెల్లటి మైదానం దాటితే ఇటలీ సరిహద్దు మీద పాయింట్ హెల్‌బ్రోనర్ వస్తుంది. అటు నడిచి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు హిమానీనదం మీదుగా వేలాడుతూ సాగే చిన్న క్యాబిన్లలో రావాలనేది మా ప్లాన్. వెళ్లడం హాయిగా జరిగింది. పొద్దుటి మంచు గట్టిగా ఉంది. ఏటవాలు ఎండలో పగుళ్ల మీది చిన్న చిన్న లోతట్టు గీతలు నీడలు పడి స్పష్టంగా కనిపించాయి.

అక్కడికి చేరేసరికి గాలి ఎక్కువై క్యాబిన్లు ఆపేశారు. ఇటలీ వైపు లిఫ్టులో దిగిపోయి, సొరంగం గుండా బస్సులో షామొనీ చేరొచ్చు. నిజానికి చేయాల్సింది అదే. కానీ బస్సు వేళలు, టికెట్లు అని లెక్కలు వేసుకుని, వచ్చిన దారే కదా అని నడిచి వెనక్కి బయల్దేరాం. అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ వేళకి మంచు వంతెనలు, అంటే పగుళ్లని పైన కప్పి ఉంచే మంచు పొరలు, ఎండకు మెత్తబడతాయని ముగ్గురికీ తెలుసు.

అన్న పడినప్పుడు చప్పుడే కాలేదు. మోకాలి దాకా దిగబడుతూ నడుస్తున్న మనిషి, మరుక్షణం అక్కడ లేడు. తాడు నన్ను బోర్లా పడేసి ఈడ్చుకుపోయింది. నడవడానికి అడ్డం వస్తోందని తాడు రెండు చుట్లు చేతిలో పట్టుకున్నాను. తాడు బిగువుగా ఉండి ఉంటే ఆయన అంత లోతుకి పోయేవాడు కాదు. ఈ మాట ఆయనకీ చెప్పాను. తాడుకి వేసిన ముడి పగులు అంచులో ఇరుక్కోవడం, వెనక తమ్ముడు కూలబడి తాడు బిగబట్టడం, ఈ రెండూ నన్ను ఆపాయి. టైం 2:10.

నేను ఐస్ యాక్స్, అంటే మంచు గొడ్డలి మీద ఒళ్లంతా ఆనించి బరువు ఆపుతుంటే, తమ్ముడు మంచులో అడ్డంగా మోచేతి లోతు గాడి తవ్వి, తన ఐస్ యాక్స్‌ని అందులో పడుకోబెట్టి, దానికి పట్టీ తగిలించి, పైన మంచు వేసి తొక్కాడు. శిక్షణలో ఆ పని ఐదు నిమిషాల్లో అయ్యేది. ఆరోజు పావుగంట పట్టింది. బరువు నెమ్మదిగా నా నడుము నుంచి దాని మీదికి మారింది. నన్ను నేను తాడుకి కట్టుకుని అంచు దాకా పాకి, తాడు మంచులోకి ఇంకా కోసుకుపోకుండా దాని కింద నా బ్యాగు దూర్చాను.

"అన్నా, వినబడుతోందా?"

"ఉన్నాను రా. భుజం జారింది. చెయ్యి లేవట్లేదు."

ఆరేడు మీటర్ల కింద, నీలం గోడల మధ్య, ఒక కాలు చిన్న మంచు మెట్టు మీద ఆన్చి వేలాడుతున్నాడు. చెయ్యి పనిచేస్తే తాడు పట్టుకుని తనే ఎక్కేవాడు. కాబట్టి మేమే లాగాలి. కప్పీలు తగిలించి, మూడో వంతు బలంతో లేచేలా తాడు మడతలు వేశాం. కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ అప్పటికే తాడు అంచులోకి కోసుకుపోయి ఉంది. ఇద్దరం ఊపిరి ఆడకుండా లాగితే జానెడు కదిలింది. మళ్లీ లాగితే అసలు కదల్లేదు.

ఫోన్ జేబులోనే ఉంది. సిగ్నల్ కూడా ఉంది. అయినా చేయలేదు. హెలికాప్టర్ అంటే వేల యూరోలని ఎవరో చెప్పింది మనసులో ఉంది. ఇంతదానికి పిలుస్తారా అంటారేమోనని మొహమాటం. అన్న కూడా కిందనుంచి "ఇంకోసారి లాగండి, వచ్చేస్తాను" అంటున్నాడు. ఆ మాట పట్టుకుని ఇంకోసారి, ఇంకోసారి అంటూ గడిపేశాం.

చలికి మత్తులోకి జారిపోకూడదని తమ్ముడు ఆయన చేత ఎక్కాలు చెప్పించాడు. అన్న లెక్కల్లో దిట్ట. పన్నెండో ఎక్కం గడగడా చెప్పాడు. పదమూడోది మొదలుపెట్టాడు. "పదమూడేళ్లు..." అని ఆగాడు. మళ్లీ "పదమూడేళ్లు..." మాట ముద్దగా వచ్చింది. మూడోసారి ఏమీ వినబడలేదు. తొంభై ఒకటి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు ఫోన్ తీశాను. 2:55.

112 కి చేశాను. సరిహద్దు దగ్గర ఫోన్ ఏ దేశపు టవర్ పట్టుకుందో తెలియదు గానీ, ఆ నంబరు రెండు వైపులా ఒకటే. కాల్ షామొనీ పర్వత రక్షణ దళానికి కలిపారు. ఎక్కడ, ఎంతమంది, స్పృహలో ఉన్నాడా, గాలి ఎలా ఉంది, మబ్బు ఉందా అని వరసగా అడిగారు. ఒక్కరు కూడా ఇంత ఆలస్యం ఎందుకైందని అడగలేదు. హార్నెస్‌లో, అంటే నడుముకీ తొడలకీ బిగించుకునే పట్టీల్లో, కదలకుండా వేలాడటం కూడా ప్రమాదమేనని, కాళ్లు కదుపుతూ ఉండమని అరిచి చెప్పమన్నారు.

అప్పటికి గాలి తగ్గింది. అరగంట లోపే హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. రెండు చేతులూ పైకి చాచి వై అక్షరంలా నిలబడ్డాను. సాయం కావాలని దాని అర్థం. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెడితే వద్దని. దిగినవాళ్లలో డాక్టర్ కూడా ఉన్నారు. అంచు మీద మూడు కాళ్ల స్టాండ్ నిలబెట్టి, ఒకతను కిందికి దిగి, మేం జానెడు లాగినచోట అన్నని చకచకా పైకి తెచ్చారు. పెదవులు నల్లబడి ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆ దళం గురించి తర్వాత చదివాను. 1956 డిసెంబరులో ఇద్దరు యువకులు మోం బ్లాం పర్వతం మీద చిక్కుకుపోతే, సరైన రక్షణ ఏర్పాట్లు లేక వాళ్లని బతికించలేకపోయారు. ఆ విషాదం తర్వాత 1958లో షామొనీలో ఈ దళం ఏర్పడింది. ఫ్రాన్స్ వైపు కొండల్లో ప్రభుత్వ దళం చేసే రక్షణకి డబ్బు తీసుకోరు. మేం భయపడ్డ వేల యూరోలు అసలు లేనే లేవు. ఆసుపత్రి ఖర్చు మాత్రం వేరు, అది ఇన్సూరెన్స్ చూసుకుంది.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలోంచి వదినకి ఫోన్ చేశాను. ప్రాణాపాయం లేదని ముందే చెప్పేశాను. ఆవిడ కాసేపటికి తేరుకుని, "ఎన్నింటికి పడ్డారు?" అంది.

"రెండూ పది, వదినా."

"ఫోన్ ఎన్నింటికి చేశారు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, "రేపు డిశ్చార్జ్ ఎన్నింటికో కనుక్కో" అని పెట్టేసింది.