చింతపిక్కలు, బొత్తాలు, ఇడ్లీ రేకులు

పర్లాకిమిడి, గురువారం

ఈరోజు బడిలో పిల్లల చేత గింజలు వేరు చేయించాను. చింతపిక్కలు, బొబ్బర్లు, సీతాఫలం గింజలు, కుంకుడు గింజలు కలగలిపి చేటల్లో పోసి, ఒక్కొక్కరి ముందు ఒక ఇడ్లీ రేకు పెట్టాను. మా పిల్లల్లో కొందరి ఇంట్లో తెలుగు, కొందరి ఇంట్లో ఒడియా, కొండ ఊళ్ళ నుంచి వచ్చేవారి ఇంట్లో సవర మాట్లాడతారు. ఈ పనికి మాత్రం ఏ భాషా అడ్డు రాదు. పక్కవాడి చెయ్యి చూసి చెయ్యి కదులుతుంది.

ఒక తల్లి రంగు బాగుంటుందని గురివింద గింజలు పొట్లం కట్టి పంపింది. వాటిని వెంటనే తీసేశాను. అందులో అబ్రిన్ అనే విషం ఉంటుంది, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. మూడేళ్ళు నిండని ఇద్దరికీ అసలు గింజలే ఇవ్వలేదు, ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారన్న భయంతో. వాళ్ళకు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇస్తే అంతే శ్రద్ధగా బుట్టల్లో సర్దారు.

ఒక పాప కుంకుడు గింజలనూ సీతాఫలం గింజలనూ ఒకే గుంటలో వేసింది. ఎందుకని అడిగితే, ఒకదాన్ని బుగ్గకు రాసుకుని, "ఇవి నున్నగా ఉన్నాయి టీచర్" అంది. ఆ పక్కనే ఉన్న పిల్లవాడు గింజలను స్టీలు గ్లాసులోకి ఒక్కొక్కటిగా జారవిడిచి, ఖణేల్‌మన్నవి ఒకవైపు, చిటుక్కుమన్నవి మరోవైపు పెట్టుకున్నాడు. రంగు తప్ప మరే తేడా లేని ప్లాస్టిక్ బొమ్మలు ఇచ్చి ఉంటే, ఆ బుగ్గకూ ఆ చెవికీ పని ఉండేది కాదు. అయితే 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతి నా గింజల పనికి భిన్నం: ఆమె గులాబీ రంగు ఘనాలు పదింటికీ రంగు ఒకటే, ఆకారం ఒకటే, కొలత మాత్రమే ఒక సెంటీమీటరు నుంచి పది వరకు పెరుగుతుంది. ఒక్క గుణం మీదే దృష్టి నిలపాలంటే ఆ పద్ధతే మేలు. నేను గింజలనే ముందు ఇస్తాను, ఎందుకంటే ఏ గుణాన్ని చూడాలో పిల్లలే ఎంచుకుంటారు.

మధ్యాహ్నం దర్జీ ఇచ్చిన బొత్తాలు పంచాను. ఎర్రవీ తెల్లవీ వేరు చేయడం అందరికీ సులువుగానే వచ్చింది. ఆ తరువాత "ఇప్పుడు పెద్దవి ఇటు, చిన్నవి అటు" అన్నాను. మూడేళ్ళవాళ్ళు ఆ మాటను చక్కగా అప్పజెప్పారు గాని, చెయ్యి మళ్ళీ ఎరుపు తెలుపుల వెంటే పోయింది. అది మొండితనం కాదు. పట్టుకున్న నియమాన్ని వదిలి మరొకదానికి మారడం ఆ వయసుకు కష్టం. మనోవిజ్ఞానులు రంగు, ఆకారాల కార్డులతో చేసే పరీక్షలో కూడా ఆ వయసువారు ఎక్కువమంది ఇలాగే చేస్తారు, అయిదేళ్ళవాళ్ళు తేలికగా మారగలుగుతారు. అందుకే నేను సరిదిద్దలేదు, బొత్తాలు కలిపేసి మళ్ళీ చేతికిచ్చాను.

రేపు చోళ్ళూ (రాగులూ) పెసలూ కలిపి జల్లెడ పట్టించాలని ఉంది. వేరు చేసేది జల్లెడే గాని పిల్లలు కాదు కదా అని మా ఆయా నవ్వింది. కంతల్లోంచి ఏది దిగిందో, ఏది ఆగిందో వాళ్ళు వంగి చూస్తే నాకు చాలు. పిండి జల్లెడలో చోళ్ళు కూడా దిగవు కనుక, కాస్త పెద్ద కంతలది ఎవరి ఇంట్లోనైనా అడగాలి.