నాలుగు పుస్తకాలు, ఒక పలాస పాసింజరు

ఈ మధ్య రెండు నెలల్లో చదివిన పుస్తకాలన్నీ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పడున్నాయి, ఒకరోజు సర్దుదామని కూర్చుంటే ఒక తమాషా కనిపించింది. ఒక నాటకం, ఒక నవల, రెండు కథల సంపుటాలు, ఏ లెక్కా లేకుండా చేతికందినవి చదివినవే, తీరా చూస్తే నాలుగూ విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం మనుషుల గురించే. నేనేమో ఆ వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. సరే అని టికెట్ తీసేశా, బ్యాగులో అవే నాలుగు, దారికి ఉంటుందని ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర ఐదోది.

విశాఖలో ఒక్క పూటే ఉన్నా. రావిశాస్త్రి నవల అల్పజీవి ఇక్కడిదే, కానీ అందులో వెతుక్కోడానికి ఊరు పెద్దగా ఉండదు, అంతా సుబ్బయ్య బుర్రలోనే జరుగుతుంది. అందరికీ భయపడే గుమాస్తా, ఎదుటివాడు ఒక్క మాటంటే వంద రకాలుగా నలిగిపోతాడు. చదివేటప్పుడు మధ్యలో విసుగొచ్చి రెండు సార్లు పక్కన పెట్టేశా, నిజం చెప్తున్నా. తర్వాత అర్థమైంది, ఆ విసుగు సుబ్బయ్య మీద కాదు, వాడిలో నేను కనపడుతున్నందుకు.

మర్నాడు పొద్దున్నే పలాస వెళ్ళే పాసింజరు ఎక్కా. అసలు యాత్ర అంటే అదే నాకు, మిగతాదంతా దాని చుట్టూ కట్టుకున్నదే. కిటికీ సీటు దొరికింది, కన్యాశుల్కం తీశా. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, మనం ఇప్పుడు చదివేది గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటిది. ఇంట్లో చదివినప్పుడు, అందరూ నవ్వారని చెప్పిన చోట్ల నేనూ నవ్వాను తప్ప లోపల్నించి రాలేదు, గిరీశం మాటలు కాగితం మీద కాస్త ఎక్కువైనట్టే అనిపించాయి. కొత్తవలసలో ఒక పెద్దావిడ బుట్టతో ఎక్కి ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది, కాసేపాగి "ఏటి బాబూ, పరీచ్చలా? బండెక్కిన కాడ్నించి సదవతానే ఉన్నావు" అంది. పరీక్షలు కాదమ్మా ఊరికే అంటే, "ఊరికే ఎవులు సదువుతారు?" అని పక్కనున్న ఆయన్ని అడిగింది, ఆయన ఇంకేదో అన్నాడు, అక్కణ్నుంచి పెట్టె అంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు మాటలు. ఒక్కో మాటా చివర్లో కొంచెం సాగి, ప్రశ్నలాగా పైకి లేచి ఆగుతోంది.

అగ్నిహోత్రావధాన్ల మాటా ఈవిడ మాటా ఒకటి కాదు, తెలుసు, అది అగ్రహారం భాష. కానీ ఆ లయ చెవిలో పడ్డాక మళ్ళీ పుస్తకం తెరిచి పెదాలు కదుపుతూ చదివితే, రామప్ప పంతులు మధురవాణి దగ్గర గొప్పలు పోయే చోట నాకు నిజంగానే నవ్వొచ్చేసింది, పైకే. ఆవిడ "సదువు కాదు, నవ్వుల పుస్తకం" అని తేల్చేసింది. ఇన్నాళ్ళూ ఆ నాటకాన్ని కళ్ళతో చదివా, చెవితో చదవలేదు, తప్పు నాదే.

విజయనగరంలో దిగి గురజాడ ఇంటి ముందు కాసేపు నిలబడ్డా, తర్వాత కోట వైపు. నాటకం మొదలయ్యేది బొంకులదిబ్బ మీద, చివరికి తేలేది విశాఖలో, అంటే నేను కథని వెనక నించి ముందుకి ప్రయాణం చేస్తున్నానన్నమాట. బొంకులదిబ్బ ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు వైపులు చూపించారు, పేరుకి తగ్గట్టే ఉంది అనుకున్నా. కథకుడు చాసో, అంటే చాగంటి సోమయాజులుది కూడా ఈ ఊరే. ఎందుకు పారేస్తాను నాన్నా కథ గుర్తొచ్చింది, చుట్టలు కొనుక్కు రమ్మంటే వెళ్ళిన కృష్ణుడికి దారిలో బడి కనపడే కథ. సాయంత్రం బడి వదిలాక పిల్లలు రోడ్డు మీదకి గుంపుగా వస్తుంటే నేను మాత్రం పక్కన ఒంటరిగా నడిచే పిల్లాడి కోసం చూస్తున్నా, పిచ్చి.

శ్రీకాకుళం దగ్గర చిన్న దెబ్బ తిన్నా. శ్రీకాకుళం రోడ్ అని బోర్డు చూసి దిగిపోతే అది ఆమదాలవలస, ఊరు ఇంకా పది కిలోమీటర్ల పైనే. సరే, చేరా. కథకుడు కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు, తన సాహిత్య అకాడమీ అవార్డు సొమ్ము పెట్టి 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం చూడాలనే కదా ఇంత దూరం. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టు. పాత పత్రికల వాసన, వరసగా కథల పుస్తకాలు. అక్కడే కూర్చుని ఆయన యజ్ఞం మళ్ళీ చదివా. 1964 నాటి కథ, ఊళ్ళో ఒక అప్పు తగువు, పేజీలకి పేజీలు పంచాయితీ వాదనలే. మొదటిసారి ఈ వాదనలు దాటేసి ముగింపుకి పరిగెత్తా, ఆ ముగింపు నన్ను కొట్టేసింది కానీ ఎందుకలా జరిగిందో పట్టుకోలేకపోయా. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మనిషి గొంతూ వింటూ చదివితే, అప్పు ఎలా పెరిగిందో ఆ మాటల్లోనే ఉంది. చదవడం అయ్యాక చాలాసేపు లేవలేదు.

తిరుగు ప్రయాణంలో రాత్రి బండి. అప్పటిదాకా ముట్టని వీరాస్వామి పుస్తకం అప్పుడు తీశా. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చూసుకుని, పదిహేను నెలల పైన తిరిగి ఈ తీరం వెంబడే ఇంటికెళ్ళాడు, రోజూ ఎక్కడ దిగాడో ఏం చూశాడో రాసుకుంటూ. ముందు నించి చదివే ఓపిక లేక తిరుగు దారి పేజీలు తెరిచా, ఇద్దరం కలిసి వెళ్దాంలే అని. ఒక్కో మజిలీ దగ్గర ఆగి ఆయన అన్నీ వివరంగా చెప్తాడు, తొందరేమీ లేదు. తల ఎత్తి చూస్తే నా బండి తుని దాటేసింది, ఆయనింకా పూరీ జగన్నాథంలోనే ఉన్నాడు.